అల్లిక పేటిక మూత

2096 నాటికి చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర కట్టిన ఊళ్లో బచ్చలికూర పండుతోంది, ఇడ్లీపిండి పులుస్తోంది, పరిశోధనశాలల్లో కొత్త మందులు పుడుతున్నాయి. ఒక్క సరుకు కోసం మాత్రం అందరూ ఇంకా భూమివైపే చూస్తున్నారు. అది ప్రయోగాలకు కావలసిన మనిషి ప్రోటీన్. ఎంత భద్రంగా పంపినా సగానికి పైగా దారిలోనే పాడైపోయేది.

ఆ బెడద వదిలించడానికే ఆ ఊళ్లో ఉండే డాక్టర్ తరళ అల్లిక పేటికను కనిపెట్టింది.

మన ఒంట్లోని ప్రోటీన్లు చాలావరకు ఒట్టి ఒంటితో తిరగవు. వాటికి సన్నని చక్కెర గొలుసులు తగిలించి ఉంటాయి. ఈ తగిలింపును శాస్త్రవేత్తలు గ్లైకోసిలేషన్ అంటారు. తరళ దానికి 'చక్కెరల్లిక' అని పేరు పెట్టుకుంది. గొలుసు కొసన చివరి చక్కెర లేకపోతే కాలేయం ఆ ప్రోటీన్‌ని ఇట్టే పసిగట్టి లాగేసుకుంటుంది, ఇక ఎంత గొప్ప మందైనా పనిచేయదు. ఆ చివరి చక్కెరను తగిలించే ఎంజైమ్ కూడా ఒక ప్రోటీనే. మనిషి జన్యువును వేరే కణాల్లో పెట్టి ఆ ఎంజైమ్‌ని చేయించడం పాత విద్యే, దాన్నే రీకాంబినెంట్ పద్ధతి అంటారు. తరళ చేసిందల్లా ఆ ఫ్యాక్టరీనంతా ప్రెషర్ కుక్కరంత పేటికలో ఇమడ్చడం. అందుకు ఆమెకు పన్నెండేళ్లు పట్టింది.

తమాషా ఏమిటంటే, అల్లే ఎంజైమ్‌కి కూడా తన సొంత అల్లిక సరిగ్గా కుదరాలి. కుదరకపోతే ముద్దకట్టి మూల కూర్చుంటుంది.

తరళ గదిలో ఉన్న మొదటి పేటికలో అల్లిక చక్కగా కుదిరింది. దాన్ని చూసి మురిసిపోయిన, పరిశోధనలకు డబ్బిచ్చే సంఘం అలాంటివే ముప్పై ఆరు చేయించి చంద్రుడి మీదా, అంగారకుడి మీదా ఉన్న మిగతా పరిశోధనశాలలకు పంపింది. ఒక్కటంటే ఒక్కటీ పనిచేయలేదు. అన్నిట్లోనూ ముద్దే.

సంఘం అధ్యక్షుడు ముక్తేశ్వరరావు ఫోన్‌లో మొహమాటం లేకుండా చెప్పేశాడు. "నెలరోజులు టైమిస్తున్నానమ్మా. అప్పటికీ కుదరకపోతే పేటికలన్నీ వెనక్కి తెప్పించి విడిభాగాల కింద తీసేస్తాం. ఏమీ అనుకోకు."

పన్నెండేళ్ల పని విడిభాగాల కింద పోతుందన్న మాట వినగానే తరళ ఫోన్ పెట్టేసింది. తిన్నగా వెళ్లి పరీక్షల యంత్రం ముందు కూర్చుంది. మంచి ప్రోటీన్‌నీ చెడ్డదాన్నీ వేరుచేస్తుంది కాబట్టి ఆ యంత్రాన్ని అందరూ జల్లెడ అని పిలిచేవారు. దానికి నోరుంది, కాస్త ఎక్కువే ఉంది.

"మళ్లీ చెప్పు జల్లెడా. తేడా ఎక్కడుంది?"

"కణాలు ఒకటే. వాటి మేత ఒకటే. పెట్టిన వేడి ముప్పై ఏడు డిగ్రీలు, అదీ ఒకటే. బయటి పేటికల మూతలకు తాళాలున్నాయి, మనదానికి లేదు. అంతే."

"తాళానికీ చక్కెరకీ ఏం సంబంధం?"

"సంబంధం నాకు తెలియదు. కానీ మన పేటికలో వేడి రోజుకు ఆరుసార్లు కాసేపు ముప్పై మూడుకు పడిపోతోంది. ఎవరో మూత తీస్తున్నారు."

తరళ లేచి నిలబడింది. "ఇంత సంగతి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"మూత ఎవరూ తీయరు, ఆ లెక్క చూడనక్కర్లేదు అన్నది మీరే."

తరళ తన సహాయకులిద్దరినీ పిలిపించింది. యేసుపాదం పాతికేళ్లుగా యంత్రాలు బాగుచేస్తున్న పెద్దమనిషి. హసీనా కణాలకు మేత పెట్టే శాస్త్రవేత్త. ఇద్దరూ నేలచూపులు చూశారు.

"పొద్దున్న రాగానే ఒక్కసారండీ," అన్నాడు చివరికి యేసుపాదం. "ఊరికే, ఎలాగున్నాయో ఏంటోనని. మనసు ఊరుకోదు కదండీ మరి."

"భోజనానికి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మేడమ్," అంది హసీనా. "వాటిని చూడకపోతే నాకు ముద్ద దిగదు."

"సిగ్గుగా లేదూ? లోపల గాజుపాత్ర బిరడా వేసి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే సూక్ష్మజీవులు దూరి..."

"ఇంకా మూడుసార్లు తేలాలి," అంది జల్లెడ మధ్యలో. "ఆ మూడుసార్లూ ఈ గదిలో ఉన్నది డాక్టర్ తరళ ఒక్కరే."

తరళ ముఖం జేవురించింది. పెరుగు తోడుకుందో లేదోనని గిన్నె కదిపి చూసి చిన్నప్పుడు రోజూ అమ్మ చేత మొట్టికాయలు తిన్న మనిషి ఆమె. ముందు యేసుపాదం నవ్వాడు, తర్వాత హసీనా, ఆ తర్వాత ముగ్గురూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

జరిగింది అర్థమైపోయింది. మూత తీసినప్పుడల్లా కణాలు చల్లబడి పని నెమ్మది చేస్తున్నాయి. ఆ కాస్త తీరికలో గొలుసులు చివరిదాకా అల్లుకుంటున్నాయి. పేటికకు వేడిచేసే తీగ తప్ప చల్లబరిచే ఏర్పాటు లేదు, పెట్టాలంటే రెండేళ్లు పడుతుంది. అందుకని తరళ తాళాలు తీయించి అన్ని చోట్లకూ కబురు పంపింది. 'రోజుకు ఆరుసార్లు మూత తెరవవలెను.'

పన్నెండు రోజుల తర్వాత వచ్చిన ఫలితాలు చూసి ఆమెకు నీరసం వచ్చింది. చాలాచోట్ల మళ్లీ ముద్దే. ఒకచోట ఈ పని ఎవరు చేయాలన్నది తేలక ఉపసంఘం వేశారు. ఇంకోచోట ఒక ఉద్యోగి సాయంత్రం ఇంటికెళ్లేముందు హాజరు పట్టికలాంటి కాగితం మీది ఆరు గళ్లలోనూ ఒకేసారి సంతకం పెట్టేస్తున్నాడు. 'మాకు వేరే పనులు లేవనుకున్నారా?' అని అంగారకుడి నుంచి ఘాటుగా ఉత్తరం వచ్చింది.

"అయిపోయింది యేసుపాదంగారూ," అంది తరళ. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

యేసుపాదం బుర్ర గోక్కున్నాడు. "మేడమ్‌గారూ, ఉన్నమాట చెబుతున్నాను, కోప్పడకండి. మూత తియ్యమని మీరే పని పురమాయించుంటే, నేనూ తీసేవాణ్ణి కాదండి."

తరళ అతన్ని తేరిపార చూసింది. తర్వాత ఒక్క ఉదుటున లేచి కొత్త కబురు రాసింది. పాత ఉత్తర్వు రద్దు. తాళాలు వేయవద్దు. ప్రతి పేటిక మీదా ఎర్రటి అక్షరాలతో ఇలా రాయించండి: 'ఎట్టి పరిస్థితుల్లోనూ మూత తెరవరాదు.'

మరో పన్నెండు రోజులకు ముప్పై ఆరు చోట్ల నుంచీ ఎంజైమ్ పరీక్షల వివరాలు వచ్చాయి. జల్లెడ అన్నిటినీ వడగట్టింది. ఒక్కటీ ముద్ద కాలేదు.

గడువు ఆఖరిరోజున ముక్తేశ్వరరావు స్వయంగా వచ్చాడు. పేటిక మీది ఎర్రక్షరాలు పైకి చదివి తల పంకించాడు. "చూశావా అమ్మా, క్రమశిక్షణంటే ఇదీ. ఇన్నాళ్లూ లోపించింది ఇదే," అంటూ పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. పేటికలను కొనసాగించే అనుమతి పత్రం తెమ్మన్నాడు. అది తేవడానికి తరళ అటు తిరిగింది. వెనకాల చిన్నగా 'టక్'మని చప్పుడైంది. ఆమె కావాలనే ఆలస్యం చేసి, నిదానంగా ఇటు తిరిగింది.

"కణాలెలా ఉన్నాయి సార్?"

"ఆహా, ముద్దొస్తున్నాయమ్మా!" అన్నాడు ముక్తేశ్వరరావు. అని, నాలుక కరుచుకుని, గబగబా సంతకం పెట్టేశాడు.