పన్నెండో కార్డు

ఉదయం ఎనిమిదీ పదికి, ధర్మపురి బస్టాండులో బెంగళూరు బస్సులు నిలిచే చోట, మాదప్పన్ టీ తాగుతూ చనిపోయాడు.

చూసినవాళ్ళంతా గుండెపోటనుకున్నారు. వెనకనుంచి ఎవరో హడావిడిగా రాసుకుంటూ పోయారు. మాదప్పన్ మెడ తడుముకున్నాడు. గ్లాసు చేతిలో ఉండగానే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జనం గుమిగూడేలోగా ఆ రాసుకుపోయిన మనిషి కదులుతున్న సేలం బస్సెక్కి మాయమయ్యాడు.

మాదప్పన్‌ని కలవడానికే వస్తున్న మణిమేగలై ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆమె నడక ఆపలేదు. ఎనిమిదేళ్ళు పక్కపక్కన పనిచేసిన మనిషిని, ఎవరో తెలియనట్టు దాటుకుని వెళ్ళిపోయింది. డిపార్ట్‌మెంట్ రూలు అది. బస్టాండు బయటికొచ్చాక చూసుకుంటే, అరచేతిలో నాలుగు గోళ్ళ గాట్లు ఎర్రగా కనిపించాయి.

అరగంట తర్వాత ఆమె క్యాటరింగ్ వ్యానులో చీఫ్ ఎదురుగా కూర్చుని ఉంది. ఇంటెలిజెన్స్ సౌత్ జోన్‌కి చీఫ్ పెరియసామి. చూస్తే రిటైరైన లెక్కల మాస్టారులా ఉంటాడు. ఆయన తమిళంలో మాట్లాడుతున్నాడు. ఎప్పటిలాగే ముక్కలు ముక్కలుగా.

"చెట్టికరై రోడ్డులో ఒక కల్యాణ మండపం. అందులో ట్రైనింగ్ క్లాసు. విదేశానికి మొదటిసారి వెళ్ళే మేస్త్రీలకు జాగ్రత్తలు చెబుతారు. పాస్‌పోర్టు, వీసా, కస్టమ్స్, మందులు, అన్నీ. మొత్తం పన్నెండు మంది. మధ్యాహ్నం రెండింటికి ఎయిర్‌పోర్టుకి బస్సు. ఆఫ్రికాలో బిల్డింగ్ పని."

"అసలు సంగతి?"

"పదకొండు మంది ఊరికే అలంకారం. వాళ్ళకు కావలసింది ఒక్కడు. ఉత్తరాన కొండలోపల మన రక్షణశాఖ ఒక సొరంగం కట్టించింది. ప్లాను నాలుగు తాళాల వెనక ఉంది. కానీ ఆ గోడలు కట్టిన మేస్త్రి ఒకడున్నాడు. ప్లానంతా అతని తలలో ఉంది."

"ఎవరతను?"

పెరియసామి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మన దగ్గర పేరు లేదు. కాంట్రాక్టరు రిజిస్టరులో 'మేస్త్రి ఒకటి, కూలీలు ఇరవై' అని రాశారు. మనం రాసుకోని పేరు పరాయి దేశం వాళ్ళు వెతికి పట్టుకున్నారు. అది మాదప్పన్ కనిపెట్టాడు. ఈ పొద్దున నీతో చెప్పాల్సింది."

"బస్సు ఆపేయొచ్చుగా సార్?"

"ఆపితే 'డాక్టర్' దొరకడు. ఈ గూఢచారుల రింగ్‌కి దక్షిణాదిలో అతనే తలకాయ. ముఖం చూసినవాడు లేడు. ఈ రోజు సరుకు తీసుకోవడానికి తనే వస్తాడని కబురు." ఆయన చిన్న డబ్బా తెరిచాడు. లోపల పెద్ద ముక్కుపుడక. "మైక్రోఫోన్. మేం అర కిలోమీటరు దూరంలో వింటుంటాం. 'ఉప్పు తక్కువైంది' అన్నావంటే రెండు నిమిషాల్లో వచ్చేస్తాం. లోపల మన మనిషి ఇంకొకరు ఉన్నారు. ట్రైనర్, శివరంజని. ప్లగ్గు గురించి అడుగు."

పదకొండు గంటలకు మండపంలో అడుగుపెట్టింది మణిమేగలై కాదు, వడ్డనమనిషి సరసు. ముఖానికి పసుపు, నోట్లో వక్కాకు, వెలిసిన నూలు చీర, ముక్కుకి తళతళలాడే పుడక.

శివరంజని బ్లాక్‌బోర్డు ముందు నిలబడి ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, కత్తిరించిన జుట్టు, ఎవరితో మాట్లాడితే వాళ్ళకోసమే నవ్వుతున్నట్టుండే నవ్వు. మేస్త్రీలు పన్నెండు మందీ బడిపిల్లల్లా నోరు తెరుచుకుని వింటున్నారు.

"పాస్‌పోర్టు ఎవరడిగినా చేతికివ్వకండి. చూపించండి, మళ్ళీ జేబులో పెట్టుకోండి. విజిట్ వీసా మీద పని చేస్తే జైలు. మాత్రలు తీసుకెళ్తే డాక్టరు చీటీ కూడా ఉండాలి. దారిలో దిగే దేశంలో గసగసాలు నిషేధం. సంచిలో దొరికితే కేసే."

ముందు వరసలో ఒక పెద్దాయన తలగోక్కున్నాడు. "మా ఆడామె కుర్మాకని ఒక పొట్లం కట్టిచ్చింది మేడం."

"తీసి ఇక్కడ పెట్టండి సార్," అంది శివరంజని. అందరూ నవ్వారు. 'సార్' అన్న మాటకు ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"ఎల్లో ఫీవర్ టీకా నెల కిందట చెన్నైలో వేయించుకున్నారు కదా? ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. పసుపు కార్డు భద్రం."

క్లాసు మధ్యలో నీళ్ళ గ్లాసు అందిస్తూ మణిమేగలై అడిగింది. "అక్కడ కరెంటు ప్లగ్గు ఎట్లా ఉంటుందమ్మా?"

"మూడు పలకల పిన్ను," అంది శివరంజని, తడుముకోకుండా. "అడాప్టర్ నా దగ్గరుంది."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ వంటగది వెనక్కి వెళ్ళారు. శివరంజని చటుక్కున వేలు పెదవులపై పెట్టి, ముక్కుపుడక వైపు చూపించి, సెల్‌ఫోన్‌లో టైప్ చేసి చూపించింది. 'హాలు గుమ్మం దగ్గర ఇప్పుడే స్కానర్ పెట్టారు. ఒంటి మీద ఉంటే దొరికిపోతావు. ఇలా ఇవ్వు. నా బోర్డు మైకు పక్కన పెడతాను. ఎవరికీ అనుమానం రాదు.'

సబబుగానే తోచింది. మణిమేగలై ముక్కుపుడక తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఒంటిగంటకు భోజనాలు. బక్కెట్టుతో సాంబారు పోస్తూ పోతూ ఉంటే, ఒలికిన సాంబారు వేలిమీద చురుక్కుమంది. "అమ్మో!" అని నోటినుంచి వచ్చేసింది, ఆ వెనకే చిన్నప్పటి తిట్టొకటి, ఇంటి తెలుగులో.

గసగసాల పెద్దాయన తలెత్తాడు. "ఏం పాపా, నువ్వు మనోళ్ళేనా?"

వరసలో ఇంకెవరికీ ఆ భాష వచ్చినట్టు లేదు. ఆమె గొంతు తగ్గించింది. "అవును మామా. మా నాయిన కూడా గోడపనికి పోతా ఉండినాడు. నీ పేరేమి?"

"తిమ్మరాయన్. యాభై ఎనిమిదేండ్లు. ఇన్నేండ్లలో నన్ను సార్ అని పిలిచింది ఈ మేడం ఒకతే పాపా. నా పని గురించి ఎంత బాగా అడిగిందనుకున్నావు! ఏ వూర్లో ఏమి కట్టినావు, గోడ ఎంత మందము, తలుపు ఎక్కడ పెట్టినావు... కొండ కడుపులో పద్నాలుగు నెలలు ఉండినాము కదా, అది చెప్పినాను. రొంబ సంతోషపడింది."

మణిమేగలై చేతిలో గరిటె ఆగింది.

అతని మెడలో ప్లాస్టిక్ కార్డు వేలాడుతోంది. ఫొటో, పాస్‌పోర్టు నంబరు. అడుగున పెద్ద అంకెలతో, ఆపద వస్తే ఫోన్ చేయాల్సిన మన రాయబార కార్యాలయం నంబరు. చివరి అంకెలు డెబ్బై తొమ్మిది. ఆమె పక్క విస్తరి మీదికి వంగింది. ఆ కార్డులో నలభై రెండు. తర్వాతి కార్డులో నలభై రెండు. సాంబారు పోస్తూ, వద్దన్నవాళ్ళకు కూడా పోస్తూ, వరస చివరిదాకా చూసుకుంటూ వెళ్ళింది. పదకొండు కార్డుల్లో నలభై రెండు. పన్నెండో కార్డులో మాత్రమే డెబ్బై తొమ్మిది.

అంటే పరాయి దేశంలో ఈ ముసలాయన ఆపదలో పడి ఫోన్ చేస్తే, ఎత్తేది మనవాళ్ళు కారు.

కార్డులు రాసింది ఎవరు? ట్రైనర్. మాదప్పన్ నిన్న తను కనిపెట్టింది ముందుగా ఎవరికి చెప్పి ఉంటాడు? లోపలున్న సొంత మనిషికే. అందుకే వాళ్ళు బస్టాండులో కాచుకుని ఉన్నారు. మణిమేగలై చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది. ముక్కుపుడకను తనే తీసి ఆమె చేతికిచ్చింది!

తలెత్తేసరికి శివరంజని ఆమె పక్కనే ఉంది. అదే నవ్వు. కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగు లోపల ఉంది. బ్యాగు కొంచెం తెరిచి చూపించింది. నల్లటి పిస్టల్, సైలెన్సర్‌తో సహా. ఎడమచేతిలో ఫోను తెర మీద అక్షరాలు. 'చదువురాని సరసు అంకెల మీద అంతసేపు కళ్ళు పెట్టకూడదు. కదిలితే ముందు ముసలాయన.'

నోటితో ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకో మణిమేగలైకి అర్థమైంది. బోర్డు దగ్గర ముక్కుపుడక ఇంకా పనిచేస్తోంది. చీఫ్ వింటూనే ఉన్నాడు. విస్తర్ల చప్పుడు, నవ్వులు, అంతా మామూలుగా ఉందనుకుంటూ. 'ఉప్పు తక్కువైంది' అన్న మాట శివరంజనికీ తెలుసు. అది నోటినుంచి వచ్చిన మరుక్షణం తిమ్మరాయన్ ఉండడు.

ఒకటీ నలభైకి మండపం ముందు అంబులెన్స్ ఆగింది. తెల్లకోటు వేసుకున్న మనిషి దిగాడు. పొట్టిగా, ఎర్రగా, చక్కగా దువ్విన తల. బ్యాంకులో మేనేజరంటే నమ్మేలా ఉన్నాడు. చేతిలో స్టీలు ట్రే. ట్రేలో పన్నెండు సిరంజీలు. పదకొండింటికి తెల్ల మూతలు, చివరిదానికి ఎర్ర మూత.

"ఎల్లో ఫీవర్ బూస్టర్. బయల్దేరే ముందు అందరూ వేయించుకోవాలి," అన్నాడు.

ఒక్కసారి చాలు, జీవితాంతం. పొద్దున పాఠంలో చెప్పింది శివరంజనే. పైగా బయల్దేరే రోజు టీకా ఏమిటి? మణిమేగలైకి పథకమంతా కళ్ళముందు కనబడింది. ఎర్ర మూత సూది పడగానే ముసలాయన సొమ్మసిల్లుతాడు. అంబులెన్స్ సిద్ధంగా ఉంది. రోగిగా తీసుకెళ్ళి, రోగిగానే విమానం ఎక్కిస్తారు. మిగిలిన పదకొండు మంది జాలిపడి బస్సెక్కుతారు.

డాక్టర్ ఇతనే. ఇన్నేళ్ళుగా వెతుకుతున్న మనిషి పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె చేయగలిగింది సాంబారు బక్కెట్టు పట్టుకుని నవ్వుతూ నిలబడటమే. నడుముకి పిస్టల్ ఆనుతోంది.

మొదటి మేస్త్రి చొక్కా చెయ్యి మడిచాడు. అయిపోయింది. రెండోవాడు. మూడోవాడు. వరస చకచకా తరిగిపోతోంది. తిమ్మరాయన్ అందరికంటే చివర. ఎనిమిది. తొమ్మిది.

"పాపా!" తిమ్మరాయన్ అక్కడినుంచే కేకేశాడు. "ఈ సూది రొంబ నొప్పిగా ఉంటాదా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. జవాబివ్వకపోతే అనుమానం వస్తుంది. శివరంజని కనుబొమ్మతో సరేనంది. ముసలాయనకు రెండు ధైర్యపు మాటలు, అంతేగా.

మణిమేగలై ఊపిరి తీసుకుంది. తెలుగులో చెప్పాలి. కానీ ఎలా? తుపాకి అంటే తమిళంలోనూ తుపాకే. డాక్టరు, పోలీసు, మణికట్టు, ఏ మాట తీసుకున్నా శివరంజనికీ డాక్టర్‌కీ అర్థమయ్యేదే. అమ్మ వంటింట్లో మాట్లాడిన మాటల్లోంచి, తమిళం చెవికి అందని మాటలు ఏరుకోవాలి. వెంటనే.

ఆమె పకపకా నవ్వింది. ఊరడిస్తున్నట్టు చెయ్యి ఊపుతూ అంది. "నవ్వతా విను మామా. వీడు దొంగ. నిన్ను ఎత్తకపోయేదానికే వచ్చినాడు. దగ్గరికి వస్తానే చెయ్యి పట్టుకో. ఎముక విరిగినా వదలొద్దు!"

ఒక్క క్షణం. తిమ్మరాయన్ ముఖంలో ఏ మార్పూ లేదు. అర్థమైందా? పాపం, పరాచకమనుకున్నాడా?

"సరి పాపా," అని నవ్వాడు. ఎడమ చెయ్యి చాచాడు.

పదకొండో సూది అయింది. డాక్టర్ ఎర్ర మూత తీశాడు. దూదితో చర్మం తుడిచాడు. సూదికీ చర్మానికీ మధ్య రెండు వేళ్ళ దూరం మిగిలింది.

నలభై ఏళ్ళు బండలెత్తిన కుడిచెయ్యి లేచింది. డాక్టర్ మణికట్టు చుట్టూ బిగుసుకుంది. టప్పుమని శబ్దం. డాక్టర్ పెట్టిన కేకకి పైన గూట్లో పావురాలు లేచిపోయాయి.

శివరంజని చూపు అటు తిరిగింది. అదే చాలు. మణిమేగలై చేతిలోని సాంబారు బక్కెట్టు గిర్రున తిరిగి హ్యాండ్‌బ్యాగును కొట్టింది. గుండు బ్లాక్‌బోర్డులోకి దూసుకుపోయింది. రెండో దెబ్బకి పిస్టల్ నేలమీద జారింది. మిగిలిన సాంబారు నెమలికంఠం పట్టుచీర మీద పారింది. మేస్త్రీలు పదకొండు మందీ ఏం జరిగిందో తెలియకపోయినా, తమ పెద్దాయన పట్టుకున్నవాణ్ణి తామూ పట్టుకున్నారు.

తలుపులు బద్దలయ్యాయి. పెరియసామి, వెనక ఆరుగురు. గోడ గడియారంలో రెండు కావడానికి ఒక నిమిషం.

శివరంజనికి బేడీలు వేస్తుంటే ఆమె మణిమేగలైని చూసి అడిగింది. "ఏం చెప్పావు అతనికి?"

"ప్రయాణంలో జాగ్రత్తలు," అంది మణిమేగలై. ఇంకేదో అనాలనుకుంది, మాదప్పన్ గురించి. అరచేతిలోని గోళ్ళ గాట్లు చూసుకుని పక్కకి తిరిగింది.

"నేను కోడ్ చెప్పలేదు కదా సార్. ఎలా వచ్చారు?" అని చీఫ్‌ని అడిగింది తర్వాత.

"ఎనిమిదేళ్ళలో డ్యూటీలో నువ్వు తెలుగు మాట్లాడగా వినలేదు. ముక్క అర్థం కాలేదు. అందుకే పరిగెత్తాను."

తిమ్మరాయన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మణిమేగలై పక్కన కూర్చుని, ఉన్నదంతా మెల్లగా చెప్పింది. కొండ సంగతి ఎందుకడిగారో, ఎవరడిగారో. ఆయన మెడలో కార్డు తీసి రెండుగా విరిచాడు.

"అయితే ఆయమ్మకి నచ్చింది నా పని కాదు."

"మీ పని మంచిది కాబట్టే మామా ఇంత దూరం వచ్చినారు."

"ఇకమీద ఎవరితోనూ అనను పాపా. మా ఆడామెతో కూడా."

పెరియసామి నోట్‌బుక్కు తెరిచి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతులో ఎన్నడూ లేని మర్యాద. "పెద్దాయనా, ఈసారి మీ పేరు సరిగ్గా రాసుకుంటాం. స్టేట్‌మెంట్ కోసం ఒక్క ప్రశ్న. ఆ కొండలోపల మీరు మొత్తం ఎన్ని గోడలు కట్టారు?"

తిమ్మరాయన్ ఆయనను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏ కొండ సార్?"