న్యాట్రాంగ్ నుంచి రిపోర్టులు

"ఖాన్హోవా ప్రావిన్సులో మనకు సమాచారం ఇచ్చేవాళ్ళు ముప్పైముగ్గురు. పోయిన నెల ఇద్దరు మాయమయ్యారు," అన్నాడు చీఫ్ శేషాద్రి, వియత్నాం మ్యాపు మీద వేలు పెట్టి. "మిగిలినవాళ్ళ పేర్లు ఈ లిప్‌స్టిక్ గొట్టంలో ఉన్నాయి. కడగని ఫిల్ము, వెలుతురు తగలకూడదు. నాలుగింటి ఓడలో మృణాళిని దీన్ని తీసుకెళ్ళాలి. శత్రువుల ముఠాలో చేరి మనకు పనిచేస్తున్నానంటుంది. అదీ నిజమో, తలకిందులో! తేల్చుకుని ఇవ్వు."

ఏజెంట్ భాష్యం తలూపాడు. 1955 నుంచీ, రెండేళ్ళుగా ఆ ప్రావిన్సు నుంచి మృణాళిని పంపే రిపోర్టులు చదివే డ్యూటీ అతనిదే. సముద్రపు ఒడ్డున న్యాట్రాంగ్ పట్నం, కాయ్ నది దాటగానే గుట్ట మీద పోనగర్ ఇటుక గోపురాలు, రాతి చర్చి, ఎదురుగా దీవులు. పెరంబూరు ఒంటిగదిలో కళ్ళు మూసుకుని ఆ ఊరంతా తిరిగేవాడు. పక్కింటాయన పేరు మాత్రం తెలియదు. ఉత్తరం ముక్క రాసే దిక్కులేని మనిషికి ఆ రిపోర్టులే ఉత్తరాలు. ఆమె మన మనిషే కావాలని మొక్కుకున్నాడు. గూఢచారికి తగని మొక్కు!

మద్రాసు హార్బరులో భాష్యానికి కస్టమ్స్ ఆఫీసరు వేషం, పెట్టుడు మీసం.

"దీవుల్లో వానలా?"

"పిట్టగూళ్ళు తడవలేదు," అంది ఆకుపచ్చ సిల్కుచీర కట్టిన మనిషి. కోడ్ సరిపోయింది.

"నిలబడి ఉన్న గోపురాలెన్ని?"

"నాలుగు."

"కామ్‌రాన్ రేవు?"

"దక్షిణాన."

ఎన్ని అడిగినా తడుముకోలేదు. భాష్యం ప్రాణం లేచొచ్చింది. గొట్టం చేతిలో పెట్టాడు.

నిచ్చెన సగం ఎక్కి ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. "వస్తా సార్. ఆడ దిగంగానే కోటకి పోవాల. రెండేండ్లుగా సోమవారం సోమవారం గవర్నరాఫీసులో సంతకం పెట్టేది అలవాటైపోయింది. కోట ముందరే బీచి, మన మద్రాసు మాదిరే!"

భాష్యానికి అక్కడే తప్పు దొరికింది. మద్రాసులో పుట్టినవాళ్ళకు సర్కారంటే కోట, కోట ముందు సముద్రం. కానీ అక్కడి డియెన్‌ఖాన్ కోట న్యాట్రాంగ్ నుంచి ఆరు మైళ్ళు లోపలికి, సముద్రానికి దూరంగా పొలాల మధ్య ఉంది. గవర్నరాఫీసు అక్కడినుంచి పట్నానికి మారి ఏళ్ళయింది. ప్రతి వారం వెళ్ళే మనిషి ఆ పొరపాటు చెయ్యదు. ఆమె ఆ ఊళ్ళో ఒక్కనాడూ ఉండలేదు!

కళాసీలు నిచ్చెన తాళ్ళు విప్పుతున్నారు. భాష్యం టోపీ తీశాడు. అది మఫ్టీ పోలీసులకు సిగ్నల్. రెండేసి మెట్లు ఎక్కి ఆమెను అందుకున్నాడు.

"అమ్మా, ఒక సంతకం మరిచినా."

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు పక్కటెముకలకు ఆనింది. "దిగిపోండి సార్. మీరు మంచోళ్ళు."

"ఆ రిపోర్టులు ఎవరు రాసినారు?"

"నేనే. సైగాన్ హోటల్లో పుస్తకాలు ముందర పెట్టుకుని. చదివేవాళ్ళు ఒకరుండారని బాగా రాసినా."

ఆమె రెండో చేతిలో ఉన్న గొట్టాన్ని భాష్యం లాక్కున్నాడు. మూత పీకి ఫిల్మును ఎండలోకి దులిపాడు. ముప్పైఒక్క పేర్లూ ఒక్క క్షణంలో మాసిపోయాయి. పైనుంచి ఒకడు, కింది నుంచి ఇద్దరు పోలీసులు రావడం చూసి మృణాళిని పిస్తోలు దించేసింది. ఓడ కూత వేసింది.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! నెల రోజులు సెలవు తీసుకో. ఎక్కడికి వెళ్తావు?"

భాష్యం పెట్టుడు మీసం ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

"న్యాట్రాంగ్‌కే పోదామనుకున్నా సార్. ఇప్పుడు ఆడ నాకు తెలిసినోళ్ళు ఎవురూ లేరు."