తీర్థం కాదండీ!

"అయ్యయ్యో, తాగకండి! శానిటైజర్ అండీ అది!"

కుడి అరచెయ్యి దొప్పలా పట్టి, కళ్ళకద్దుకుని, పెదవుల దాకా తెచ్చిన జయంత్ ఉలిక్కిపడ్డాడు. ఎవరో అమ్మాయి అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఓడలో భోజనాల హాలు గుమ్మం దగ్గర సీసా పట్టుకున్న మనిషి నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"మా పామర్రులో కుడిచేతిలో ఏది పోసినా తీర్థమేనండీ," అన్నాడు జయంత్. చెవులు ఎర్రబడ్డాయి.

"పామర్రా! మాది గుణదల." ఆమె చెయ్యి వదిలింది. "రెండు చేతులూ బాగా రుద్దుకోండి. ఇంతమంది ఒకే గరిటె పట్టుకుంటారు. ఒకరికి కడుపు చెడితే ఓడంతా మంచమెక్కుతుంది."

ఆమె పేరు భానుశ్రీ. విజయవాడలో ఒక ఆస్పత్రిలో డైటీషియన్. నాన్న బసవపున్నయ్యతో చెన్నైలో ఓడెక్కింది. జయంత్ విత్తనాల కొట్టు కట్టేసి నాయనమ్మ రావమ్మను తీసుకొచ్చాడు. రోజూ శక్తిపీఠాల శ్లోకం చదువుకునే రావమ్మకి, అందులో మొదట వచ్చే శాంకరీదేవిని కళ్ళారా చూడాలని కోరిక. మర్నాడు ఓడ ఆగే రేవు ఆ తల్లి ఊరే, త్రింకోమలీ.

ఆ సాయంత్రం జయంత్, భానుశ్రీ డెక్ మీద కబుర్లలో పడ్డారు. ఆమెకి ప్రతిదీ ప్రశ్నే.

"విత్తనం మొలుస్తుందో లేదో ముందే ఎలా తెలుస్తుందండీ?"

"తడిగుడ్డలో చుట్టి చూస్తాం."

"మనుషులకి అలాంటి పరీక్ష లేదా?"

ఇంతలో సన్నగా వాన మొదలైంది. ఇద్దరూ తడిశారు గానీ లోపలికి మాత్రం వెళ్ళలేదు.

తెల్లవారేసరికి జయంత్ డెక్ మీద కమ్మీ పట్టుకుని, పాలిపోయిన మొహంతో నిలబడి ఉన్నాడు. భానుశ్రీ ప్లేటులో రొట్టెముక్కలు, అల్లంముక్క తెచ్చింది.

"దూరంగా సముద్రం అంచునే చూడండి. ఖాళీ కడుపైతే ఇంకా తిప్పుతుంది. కొంచెం తినండి."

"వద్దండీ. దర్శనమయ్యేదాకా తినను."

"అమ్మవారు వాంతులు చేసుకుంటూ రమ్మందా?"

"మొక్కు నాదండీ. మీకెందుకు?"

మాట అతను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. భానుశ్రీ మొహం చిన్నబోయింది. ప్లేటు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

జయంత్ ఆమె వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఓడ మళ్ళీ చెన్నై చేరాక ఆమె దారి ఆమెది, తన దారి తనది. మనసులో మాట ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడు?

రేవులో దిగినవాళ్ళు చాలామంది ఊరంతా చుట్టిరావాలని బస్సులెక్కారు. "నా మోకాళ్ళకి ఒక్క గుడి చాలు," అన్నాడు బసవపున్నయ్య. "మాకూ అంతే, కలిసి పోదాం పదండి," అంది రావమ్మ. నలుగురూ ఒకే ఆటోలో, మన ఏలూరు రోడ్డు మీద సర్దుకున్నట్టే సర్దుకున్నారు. దారి పొడుగునా భానుశ్రీ జయంత్ వైపు చూడలేదు.

కొండ కింద నారింజరంగు కొబ్బరి బొండాలు అమ్ముతున్నారు.

"తాగరా, ఉపవాసానికి దోషం లేదు," అని రావమ్మ భానుశ్రీ వైపు తిరిగింది. "నేను శుభ్రంగా ఇడ్లీలు తినే వచ్చానమ్మా. ఎంతైనా తల్లి కదా, బిడ్డ తిన్నాడా అనే ముందు అడుగుతుంది. వీడూ నిన్న రాత్రి గులాబ్‌జామ్‌లు లాగించినవాడే. పొద్దున్నే ఈ మొక్కు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో!"

"నాయనమ్మా!"

భానుశ్రీ నోట్లోంచి స్ట్రా తీసింది. "ఇవాళే పుట్టిందా మొక్కు? ఏం కోరుకున్నారేంటి?"

జవాబు అందులోనే ఉన్నట్టు జయంత్ బొండంలోకి తొంగిచూశాడు.

తొందరేమీ లేదు. నీడ కనిపిస్తే నిలబడుతూ, జింకలు అడ్డొస్తే ఆగుతూ మెల్లగా కొండెక్కారు. భానుశ్రీ మాత్రం ఓరచూపులతో అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతోంది.

దర్శనమయ్యాక పూజారి అందరికీ తీర్థం ఇచ్చాడు. భానుశ్రీ చెయ్యి చాచింది గానీ చూపు జయంత్ మీదే ఉంది. నిన్నటినుంచీ ఓడలో గుమ్మం గుమ్మానికీ శానిటైజర్ పట్టిన అలవాటు! తీర్థం పడగానే ఎడమచెయ్యి తెచ్చి రుద్దుకోబోయింది.

జయంత్ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అయ్యయ్యో, రుద్దుకోకండి! తీర్థమండీ ఇది!"

పూజారి తమిళంలో ఏదో అని నవ్వాడు. భానుశ్రీ నాలుక కరుచుకుని తీర్థం పుచ్చుకుంది. జయంత్ ఇంకా చెయ్యి వదల్లేదు.

"ఇప్పుడైనా చెప్పండి. ఏం మొక్కుకున్నారు?"

"ఓడ దిగాక కూడా, నేను తప్పు చేసినప్పుడల్లా మీరు ఇలాగే చెయ్యి పట్టుకుని ఆపాలని."

"అది నన్ను కదా అడగాలి! అమ్మవారినెందుకు అడిగారు, పస్తుండి మరీ?"

"ఆవిడైతే మొహం మీద కాదనదు కదండీ."

"నేను మాత్రం అన్నానా?"

బసవపున్నయ్య గట్టిగా దగ్గాడు. "బాబూ, చెయ్యి వదిలితే మా అమ్మాయి ప్రసాదం పుచ్చుకుంటుంది."

"ఇద్దరి ప్రసాదం నేను పట్టుకుంటాలే," అని రావమ్మ బసవపున్నయ్య వైపు తిరిగింది. "ముందు మీ ఇంటిపేరు చెప్పు నాయనా."

"వేములపల్లి అండీ."

"హమ్మయ్య! మాది కాదు."

బసవపున్నయ్యకి సంగతి అర్థమై, కూతురి మొహం చూసి, తనూ నవ్వేశాడు.

భానుశ్రీ ప్రసాదం తీసుకుని జయంత్ అరచేతిలో పెట్టింది. "ముందిది తినండి. ఖాళీ కడుపుతో ఓడెక్కనివ్వను."

"మరి ఆ పరీక్ష సంగతి? నిన్న వానలో తడిశాం కదా."

"మొలకొచ్చిందండీ," అంది భానుశ్రీ.