చేతుల మడుగు

లీ తెగవాళ్ళుండే బైషా కొండల్లో, రబ్బరుతోట దిగువన ఒక మడుగుంది. చీకటి పడితే అక్కడ ఆకుల మీద తెల్లటి చేతులు లేస్తాయనీ, రా రమ్మని పిలుస్తాయనీ దానికి చెడ్డపేరు. ఊళ్ళో మీసం మెలేసే ఏ మగాడూ పగలు కూడా అటు తొంగిచూడడు.

ఛాయ్‌యిన్ మాత్రం పోతుంది. రబ్బరు చెట్టుకి గాటు పెట్టేది రాత్రే—చల్లబడితేనే పాలు దిగేది. ఆమె గాటు పెట్టే చెట్ల వరస సరిగ్గా ఆ మడుగు గట్టున ఆగుతుంది.

ఆ రాత్రి వెంట తనూ ఓ గాటుకత్తి పట్టుకుని మరిది గ్వాన్ ఉన్నాడు. మొగుడు దెషాన్ రేవుపట్నంలో పనికని వానలకి ముందు పోయినవాడు, మళ్ళీ జాడ లేదు. "నిన్నొదిలేశాడు వదినా, నాతో ఉండిపో" అని వీడిది రోజూ ఒకటే నస.

మడుగు దగ్గరికొచ్చారో లేదో... కిర్ర్... కిర్ర్...

ఆకు మీద తెల్లటి చెయ్యి లేచింది.

"వదినా... పిలుస్తోంది..."

ఛాయ్‌యిన్ నుదుటి దీపం అటు తిప్పింది. బొటనవేలంత చెట్టుకప్ప! కాలు చాపింది, గాల్లో ఆడించింది, దించింది. పక్క ఆకు మీద ఇంకోటి అరిస్తే మళ్ళీ ఎత్తింది.

"కప్పరా, సన్నాసీ! ఇంత గోలలో దాని గొంతు ఎవడికి వినబడుతుంది? అందుకే కాలూపి చూపిస్తోంది, నేనిక్కడున్నానని. సారా తాగితే పులివి, కప్పని చూస్తే పిల్లివా?"

పకపకా నవ్వింది. వాణ్ణి ఇంకాస్త ఏడిపిద్దామని మడుగు కేసి కేకేసింది—"దెషాన్! ఓ దెషాన్! నీ తమ్ముడి ధైర్యం చూద్దువుగాని రావయ్యా!"

గ్వాన్ ఆమె నోరు నొక్కేశాడు.

"పేరెత్తకు! వచ్చేస్తాడు!"

కప్పలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

లీ జనంలో పేరెత్తకూడనిది చచ్చినవాళ్ళది. ఎత్తితే వచ్చి మీద పడతారు. బతికున్నవాడి పేరుకి అడ్డేముంది?

ఆమె వాడి చెయ్యి లాగేసింది. "ఆయన చచ్చిపోయాడని... నీకెలా తెలుసురా?"

వాడి గాటుకత్తి జవాబిచ్చింది. ఆమె భుజం చీలింది. ఆమె వాడి వేళ్ళు ఎముక తగిలేదాకా కొరికింది. చెట్టుకి కట్టిన గిన్నె పీకి అందులోని రబ్బరుపాలు వాడి కళ్ళల్లో కొట్టింది. వాడు గుడ్డిగా నరుకుతున్నాడు—చెట్టుని, గాలిని, ఆమె మోచేతిని. ఆమె తన కత్తి వాడి తొడలో దించి, తిప్పి, తన్నింది.

వాడు మడుగు బురదలో పడ్డాడు. నడుం దాకా దిగిపోయాడు.

"ఇందులో వద్దు! లాగు వదినా! అన్న... అన్న ఇందులోనే..."

కప్పలు మళ్ళీ అందుకున్నాయి. వాడి నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం వినబడలేదు. తర్వాత నోరూ మునిగింది.

నెత్తురు కారుతున్న భుజం పట్టుకుని ఛాయ్‌యిన్ దీపం దించింది. బురదలోంచి ఒక చెయ్యి లేచి ఊగింది. దాని పక్కనే, నింపాదిగా... ఇంకొకటి.

రెండూ కుడిచేతులే.