కాగితంలో చుట్టని పాత రింగులు

తిరుపతి బస్టాండు వెనక లాడ్జి. ఉదయం ఆరు.

"గాలొచ్చే గది ఉండాదా?"

"గాలి లేదు. గోడ ఉండాది."

"ఊపిరాడితే చాలు."

కోడ్ సరిపోయింది. కౌంటర్లో మనిషి తాళంచెవి విసిరాడు. సీక్రెట్ ఏజెంట్ మునిచంద్ర మూడో అంతస్తుకు ఎక్కాడు. చేతికి లేజర్ వాచీ, జేబులో కెమెరా పెన్ను, ఇంకో జేబులో మల్లెపువ్వులాంటి చేతిరుమాలు. పన్నెండేళ్ల సర్వీసులో అతని తుపాకీకి మసి అంటింది గానీ చేతికి అంటలేదు. ఆ మాట తానే అందరికీ చెప్పుకునేవాడు.

చీఫ్ వెంకటముని బ్రీఫింగ్ కాఫీ చల్లారేలోపు అయిపోయింది. మధ్యాహ్నం పన్నెండుకు ఆరుగురు డైవర్లు రిజర్వాయర్లోకి దిగుతారు. కూలిపోయిన మన డ్రోన్ తాలూకు రహస్యాల పెట్టె అడుగున ఉంది. దాన్ని పైకి రానివ్వకూడదని ఒక విదేశీ గూఢచారుల ముఠా, డిపార్టుమెంటు భాషలో రింగు, కంకణం కట్టుకుంది. డైవర్ల సిలిండర్లలో గాలి నింపేది శ్రీసిటీ దారిలో ఒక చిన్న షెడ్డు. పోయిన వారం రింగు మనిషి మెకానిక్ వేషంలో ఆ షెడ్డుకు వచ్చి, హైప్రెషర్ కంప్రెసర్లో మంచి పిస్టన్ రింగులు ఊడదీసి అరిగినవి తగిలించి పోయాడు. పిస్టన్‌కూ అది ఆడే గొట్టానికీ మధ్య బిగువు ఈ రింగులే; రింగు అరిగితే సందు. సందులోంచి ఆయిల్ పైకెక్కి, వేడికి కాలి, పొగై గాలిలో కలుస్తుంది. నీళ్లకింద ఆ గాలి పీల్చినవాడు నిద్రపోతాడు, మళ్లీ లేవడు.

షెడ్డు మూయిస్తే శత్రువు ఇంకో దారి వెతుకుతాడు. గుట్టుగా రింగులు మార్చేయాలి.

"ఐరాల నుంచి మీ నాయనను పిలిపిద్దామా?" అన్నాడు చీఫ్.

మునిచంద్ర మొహం సైలెన్సర్ రంగుకు తిరిగింది. ఫైల్లో తండ్రి వృత్తి అన్నచోట అతను రాసింది 'ఆటోమొబైల్ ఇంజనీరు'. నిజానికి నాయన మునిరామయ్య ఐరాలలో రైతుల ఆయిల్ ఇంజన్లు బాగుచేసే రేకులషెడ్డు మెకానిక్.

"పన్నెండేండ్లుగా తెలుసులేప్పా," అన్నాడు చీఫ్, కాఫీ ఊదుకుంటూ.

"ఆయనెందుకు సార్. చిన్నప్పట్నుంచి సూసిన పనే. నేను జేస్తా."

ఏడున్నరకు ఖాకీ చొక్కా, అంటుమీసంతో షెడ్డులో దిగాడు. మేనేజరు రాజశ్రీ నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చుంది. ఆమె రింగు దగ్గర జీతం తీసుకుంటోందని డిపార్టుమెంటులో ఒక ఫైలుంది. మన మనిషేనని ఇంకో ఫైలుంది. మునిచంద్ర చదివింది మొదటిదే.

కంప్రెసర్ హెడ్డు విప్పాడు. పిస్టన్ లాగాడు. మూడు పాత రింగులు చేతికొచ్చాయి, నల్లటి జిడ్డుతో. ఆ వాసనకు ఆరోక్లాసు గుర్తొచ్చింది. నాయన చేతి జిడ్డు అంటిన నోటుబుక్కు, దాన్ని చూసి 'మసిముని' అని పేరుపెట్టిన క్లాసు. పాత రింగులను పెట్రోలుతో తళతళలాడేదాకా కడిగేశాడు. కొత్త మూడింటి పక్కనే పెట్టి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. సబ్బు రెండుసార్లు రుద్దాడు. తిరిగొచ్చేసరికి ఆరు రింగులూ పెళ్లిపందిట్లో వియ్యంకుల్లా ఒకే మెరుపు. మూడు తీసి బిగించాడు. మిగిలిన మూడూ సాక్ష్యంగా జేబులో వేసుకున్నాడు.

సిలిండర్లు నిండటానికి అరగంట ఎక్కువ పట్టింది. పాత మిషను కదా అనుకున్నాడు. 'రింగులు మార్చాను. గాలి భేష్' అని రిపోర్టు పంపాడు. పదకొండుకు సిలిండర్లతో జీపు రిజర్వాయర్‌కు కదిలింది. మాట లీకవకుండా టీమ్ మొత్తం ఫోన్లు ఆపేయాలని ఆర్డరిచ్చింది కూడా అతనే.

వెనక్కి తిరిగేసరికి మొహానికి ఎదురుగా పిస్తోలు. దాని వెనక లిప్‌స్టిక్.

"నువ్వు మెకానిక్కువి కాదప్పా. మెకానిక్కయితే విప్పిన పాత రింగులు పేపర్లో సుట్టి ముందు ఓనరు పక్షాన నా చేతికిస్తాడు. నువ్వియ్యలా. పోయిన వారమొచ్చినోడూ ఇయ్యలా. అందుకే మా చీఫ్‌కి కబురు పెట్టినా. ఇప్పుడు నువ్వొగడివా?"

రెండో ఫైలే నిజమని తెలిసి, మునిచంద్ర తాను ఎవరో చెప్పి, సాక్ష్యంగా జేబులో రింగులు చూపించాడు. రాజశ్రీ కళ్లద్దాలు తీసింది. కార్వేటినగరంలో ఆమె మేనమామది లారీ షెడ్డు. అలమరలోంచి పిస్టన్ ఆడే గొట్టం, స్పేర్ లైనర్ తీసి, ఒక్కొక్క రింగునూ దాని గొట్టంలోకి తోసి వెలుతురుకు పట్టి చూసింది.

"అరిగిన రింగయితే కొసల కాడ నోరు తెరుసుకుంటాది. యాడన్నా తెరుసుకోనుందా, సూడు. మూడూ కొత్తయే. మరి లోపల పెట్టింది ఏందప్పా?"

మునిచంద్ర కంప్రెసర్ వైపు తిరిగాడు.

"పేపర్లో సుట్టేది ఓనరు నమ్మకానికొక్కటే అనుకున్నావా? పాతది మళ్లా లోపలికి పోకుండా గూడా."

నాయన పాతది బయటికి రాగానే ముందు చేసే పని అదే. దొంగను కాదని చెప్పుకునే పేదవాడి తంటా అనుకుని, చూసిన ప్రతిసారీ అతను తల తిప్పుకునేవాడు.

ఫోన్లు ఆపి ఉన్నాయి. లేజర్ వాచీ టైమొక్కటే చెప్పింది: పదకొండూ ఇరవై. రాజశ్రీ బుల్లెట్ బండి స్టార్టు చేసింది. అతను వెనక కూర్చున్నాడు. గాలికి మీసం దారిలో ఎక్కడో రాలిపోయింది.

పన్నెండుకు రెండు నిమిషాలు. టీమ్ లీడర్ కృపామణి నోట్లో గాలిగొట్టం పెట్టుకుని మోకాళ్లలోతు నీళ్లలో ఉంది.

"దిగొద్దు. ఆ గాలి మంచిది కాదు," అని మునిచంద్ర గట్టుమీంచి అరిచాడు.

కృపామణి గొట్టం తీసింది. రింగులు మార్చినట్టు ఏజెంట్ దగ్గర్నుంచి రిపోర్టు వచ్చిందే అంది.

శత్రువు పని అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ రిపోర్టు మీద నమ్మకంతోనే ఆమె నీళ్లలో నిలబడి ఉంది.

"ఆ ఏజెంట్‌ను నేనే," అన్నాడు, ఆమె కాళ్లవైపు చూస్తూ. "పాతయే మళ్లా ఏసినాను. జిడ్డంటే సిగ్గుపడి కడిగేసినాను. ఏది ఏదో తెలీలేదు."

సిలిండరు వాల్వు తిప్పి, తెల్ల చేతిరుమాలు అడ్డం పెట్టాడు. గాలి బుస్సుమంది. మల్లెపువ్వు మీద పసుప్పచ్చ ఆయిల్ మరక విచ్చుకుంది. ఆరుగురూ ఆ మరకను చూశారు, తర్వాత అతన్ని చూశారు. ఒక్కొక్కరే సిలిండర్లు విప్పి గట్టుమీద పెట్టారు. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది.

గట్టుమీద దోసకాయలమ్మే మనిషి ఒకడు గబుక్కున లేచి ఫోను తీశాడు. రాజశ్రీ గుర్తుపట్టింది, పోయిన వారం వచ్చిన మెకానిక్! విదేశీ రింగుకు ఫోను రింగయ్యేలోపే ఆమె పిస్తోలు అతని చెవికి తగిలింది.

మధ్యాహ్నం ఐరాల నుంచి జీపులో మునిరామయ్య వచ్చాడు. కంప్రెసర్ మళ్లీ విప్పి, పాత రింగులను ముందు పేపర్లో చుట్టి రాజశ్రీ చేతికిచ్చి, అప్పుడు కొత్తవాటిని ముట్టుకున్నాడు. స్పానర్లు అందించడానికి మునిచంద్ర పక్కనే కూర్చున్నాడు. చేతులకు అంటిన జిడ్డును తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి రుమాలూ లేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదికి పెట్టె పైకొచ్చింది. ఆరుగురు డైవర్లూ వచ్చారు.

మునిరామయ్య చీఫ్‌ను పక్కకు పిలిచాడు. ఇన్నేళ్లుగా తన కొడుకు ఏం ఉద్యోగం చేస్తున్నాడని అడిగాడు. గూఢచారి అని చెప్పకూడదు. అందుకని చీఫ్, "మా కాడ మెకానిక్కు" అన్నాడు.

పెద్దాయన స్పానర్ల సంచి భుజాన వేసుకున్నాడు.

"ఆ మాట బయట జెప్పొద్దు సార్. మా షెడ్డు పేరు పోతాది."

డిపార్టుమెంటులో ఇంతవరకూ లీకవని రహస్యం అదొక్కటే.