వంటింట్లోంచి కోడలి గొంతు

నాకు అరవై రెండో ఏట అక్షరాలొచ్చేయి. అంతవరకూ వేలిముద్రే. అనకాపల్లి బెల్లం యార్డులో ముప్పై ఏళ్ళు దిమ్మలు సర్దేను గాని, వాటి మీద రాసిన రాత ఏటో నాకు తెలిసేది కాదు. నేర్పింది మా కోడలు సత్యవేణి. గవరపాలెంలో మా అద్దింటి వంటింట్లో నేను వంకాయలు తరుగుతుంటే, తను గడప మీద కూచుని "అ... అమ్మ. ఆ... ఆవు. చెప్పు అత్తా, నాతోపాటు చెప్పు" అనేది. తప్పు లేకుండా చదివేనంటే చప్పట్లు కొట్టి "వెరీగుడ్డు, అత్తా!" అనేది. ఒకటో తరగతి పంతులమ్మ కదా, ఆరేళ్ళ పిల్లలకీ నాకూ తేడా చూపించేది కాదు.

ఆలస్యంగా వచ్చిన చదువు కదా, పైకి పలక్కుండా చదవడం నాకు చేతకాదు. మందు చీటీ అయినా, బస్సు బోర్డయినా పెదాలు కదలాలి, చప్పుడు రావాలి. అప్పుడే అక్షరం నాకు లొంగుతుంది. బస్టాండులో జనం నవ్వుతారు. నవ్వనీ అనుకునేదాన్ని. ఇంకో వింత కూడా ఉంది. ఏది చదివినా, ఏది రాసినా, నా లోపల సత్యవేణి గొంతే వినపడేది. నా నోరు ఆ గొంతు వెనకాల నడిచేది, అంతే.

ఈ వేసవిలో ఆ గొంతు పోయింది.

రేకుల గది, యాభై మంది పిల్లలు, పక్క తరగతికి అడ్డంగా ఒక చెక్క. ఏడాదంతా అరిచి అరిచి మార్చికి బొంగురుపోయింది. ఏప్రిల్ నాటికి నోరు తెరిస్తే ఉత్త గాలి. విశాఖపట్నంలో డాక్టరు గారు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి టీవీలో చూపించేరు. నుయ్యి తోడేవాళ్ళ అరచేతుల్లో కాయలు కాస్తాయే, అలాటివి గొంతులో రెండు. ఆపరేషన్ వద్దన్నారు. వాయిస్ థెరపీ చేయించమన్నారు. ఆ థెరపీ చెప్పే ఆవిడ సుప్రియ గారు. చిన్నపిల్లే. ఫోన్లో కనపడి మాట్లాడేది.

"ముందు అయిదు రోజులు పూర్తిగా మౌనం అండీ. గుసగుసగా కూడా మాట్లాడకూడదు. మామూలు మాట కంటే గుసగుస గొంతుని ఇంకా నలిపేస్తుంది."

"బడి తెరిసేనాటికి వచ్చెత్తాదా అమ్మా?" అని నేనే అడిగేను.

"చెప్పినట్టు చేస్తే వస్తుందమ్మా."

బడి వాళ్ళు జూన్ పన్నెండు అని గడువు పెట్టేరు. ఆ రోజుకి గొంతు లేకపోతే వేరే పంతులమ్మని చూసుకుంటామన్నారు. సత్యవేణి నా పాత పలక తీసి ఆ తేదీ ఒక మూలన రాసుకుంది. ఇక ఆ పలకే తన నోరు.

మా అబ్బాయి లోవరాజు పరవాడలో ఒక కంపెనీలో పని చేస్తాడు. "ఇంట్లో ఇప్పుడు కదే అమ్మా పెశాంతంగా ఉంది!" అని ఆ పిల్లని ఏడిపించేడు. బలపం విసిరి కొట్టింది వాణ్ణి. కాని రాత్రి వాడు పాత పెళ్ళి వీడియోలో పెళ్ళాం మాటలు వింటూ పడుకోడం నేను చూసేను.

మౌనం పట్టిన నాలుగో రోజు, దీపాలేళ. వాడు రెండో షిఫ్టుకి పోయేడు. ఇంట్లో మేమిద్దరమే. పెరటి వేపు నుంచి ఎవరో ఆడమనిషి పిలిచింది.

"సత్యవేణీ..."

అలవాటు కొద్దీ పిల్ల నోరు తెరవబోయింది. నాలుగు రోజుల మౌనం పాడైపోద్దని గబుక్కున నేనే "ఆఁ! వత్తంది!" అని తన బదులు పలికేను.

మా అమ్మ చెప్పేది, దీపాలేళ పెరటి వేపు పిలుపు వినపడితే మూడోసారి దాకా పలక్కూడదని. మనిషయితే మూడోసారీ పిలుస్తాడు. డెబ్బై ఏళ్ళు ఆ మాట తప్పలేదు నేను. ఆ రోజు, ఈ పిల్ల నోరు తెరవకూడదన్న ఒక్క ధ్యాసలో మర్చిపోయేను.

రెండో పిలుపు రాలేదు.

తలుపు తీసి చూసేను. ఎవరూ లేరు. పులిసిన చెరుకు పిప్పి వాసన గుప్పుమంది. గానుగలు ఆగిపోయి రెండు నెలలు దాటింది. ఆ వాసన ఎక్కణ్ణించి?

ఆరో రోజు సాధన మొదలైంది. సగం గ్లాసు నీళ్ళు, అందులో స్ట్రా. దాంట్లోంచి గొంతు కలిపి ఊదాలి, నీళ్ళు బుడబుడలాడాలి. తరవాత నోరు మూసి "మ్‌..." అంటూ కిందనుంచి పైకి, పైనుంచి కిందకి. అది ఫోన్లో రికార్డు చేసి సుప్రియ గారికి పంపాలి. మూడు రోజులు పంపింది. మూడోరోజు ఆవిడే ఫోన్ చేసింది.

"అత్తమ్మగారూ, మీరు పక్కన కూచుని కలిసి చెయ్యకండి. రెండు గొంతులు వినిపిస్తున్నాయి."

"నానా? నానప్పుడు బట్టలుతుకుతన్నానమ్మా, పెరట్లోన."

సుప్రియ గారు నవ్వింది. "ఎవరో గాని, ఆవిడ చాలా బాగా చేస్తున్నారు. రోజు రోజుకీ గొంతు తేటపడుతోంది."

సత్యవేణి నా వేపు చూసింది. నేను పలక వేపు చూసేను. తను ఫోన్ బోర్లించేసింది.

జూన్ తొమ్మిది. సాయంత్రం మబ్బేసి, గాలి లేచి, వాన పట్టుకుంది. కరెంటు పోయింది. సత్యవేణి ముందు గదిలో గ్లాసు పెట్టుకు కూచుంది. నేను దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్నాను. తడిమట్టి వాసన... దాని వెనకాలే ఆ పులిసిన పిప్పి వాసన. వాన చప్పుడు, మధ్య మధ్య గ్లాసులో బుడబుడ.

అప్పుడు వంటింట్లోంచి, "అత్తా!"

ఎంత తేటగా! కాయలు కాయక ముందున్న గొంతు. ప్రాణం లేచొచ్చింది నాకు. "వచ్చేసిందే తల్లీ! గొంతొచ్చేసింది నీకు!" అని దీపం పట్టుకుని వెనక్కి తిరిగేను.

సత్యవేణి ముందు గదిలోనే ఉంది.

గ్లాసుకి మూరెడు దూరంలో, గోడకి అతుక్కుపోయి ఉంది. స్ట్రా గ్లాసులోనే ఉంది. దాని మీద ఎవరి నోరూ లేదు. నీళ్ళు మాత్రం బుడబుడలాడుతున్నాయి...

వంటింట్లోంచి మళ్ళీ. "అ... అమ్మ. ఆ... ఆవు. చెప్పు అత్తా. నాతోపాటు చెప్పు."

నేను చెప్పకూడదనుకున్నాను. ఒట్టు. పళ్ళు బిగబట్టేను. కాని ఎనిమిదేళ్ళుగా ఆ గొంతు వెనక నడిచిన నోరు నా మాట వినలేదు. "అ... అమ్మ" అంది. "ఆ... ఆవు" అంది. నేను ఒక్కో అక్షరం చెపుతుంటే సత్యవేణి తన గొంతు తడుముకుంటోంది. నోరు తెరిచే ఉంది. ఇన్నాళ్ళూ వచ్చిన ఆ గాలి కూడా రావటం లేదు...

పలక అందుకుంది. ఏదో రాసి నా మొహం ముందు పెట్టింది. దీపం దగ్గరికి తెచ్చుకున్నాను. పలక్కుండా చదవడం నాకు రాదు కదా.

"జ... వా... బు..."

వంటింట్లోంచి అదే సమయానికి, నాతో కలిసి, గుసగుసగా... "జ... వా... బు..."

సత్యవేణి నా నోరు ముయ్యాలని చెయ్యి చాపింది. నాకు అర్థం కాలేదు. అక్షరాలు పూర్తయితే గాని నాకు అర్థం కాదు. పూర్తి చేసేను. "ఇవ్వ... కు... అత్తా."

జవాబు ఇవ్వకు అత్తా.

నీళ్ళు ఆగిపోయేయి.

వంటింట్లో చప్పట్లు. "వెరీగుడ్డు, అత్తా!"

కరెంటొచ్చేక లోవరాజు వచ్చేడు. అన్నీ చెప్పేను. మూడో పిలుపు దాకా పలక్కూడదనీ చెప్పేను. "చీకట్లో ఇద్దరూ జడుసుకున్నారు" అని నవ్వేడు. వాడుండగా అది పలకదు. ఎప్పుడూ పలకలేదు.

పన్నెండో తారీకు వెళ్ళిపోయింది. బడిలో వేరే పంతులమ్మ చేరింది. డాక్టరు గారు మళ్ళీ కెమెరా పెట్టి చూసి ఆశ్చర్యపోయేరు. గొంతు పసిపిల్ల గొంతులా ఉందట, కాయల జాడే లేదట. "మాట్లాడమ్మా" అన్నారు. సత్యవేణి నోరు తెరిచింది. కళ్ళనీళ్ళొచ్చేయి గాని చప్పుడు రాలేదు. ఆ పిల్లని అలా చూస్తూ కూచోడం తప్ప నేనేటి చెయ్యగలను? మొదట బదులు పలికిందీ నేనే, ఆఖర్న పలికిందీ నేనే.

మొన్న సుప్రియ గారు లోవరాజు ఫోన్‌కి చేసింది. "మీరు రోజూ పంపుతున్నవి వింటున్నాను. గొంతు పూర్తిగా వచ్చేసింది. ఇంక థెరపీ అక్కర్లేదండీ, కంగ్రాట్స్" అంది. ఆ వాన రోజు నుంచి సత్యవేణి ఒక్కటీ పంపలేదు. తన ఫోను ఆ రాత్రే బీరువాలో పెట్టి తాళం వేసేను. తాళంచెవి నా బొడ్లో ఉంది.

చెపితే నవ్వుతున్నారని ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. ఇదివరకు రాస్తుంటే కోడలి గొంతు నా లోపల వినపడేదన్నాను కదా. ఇప్పుడు లోపల ఏమీ లేదు. వంటింట్లోంచి వస్తోంది. నేను రాయబోయే అక్షరం నాకంటే ముందు అది పలుకుతోంది. సత్యవేణి నా పక్కనే నా కొంగు పట్టుకు కూచుంది.

ఈ వారం లోవరాజుకి జనరల్ షిఫ్టు. కంపెనీ బస్సు దిగి, దీపాలేళకి పెరటి దారినే వస్తాడు. ఇప్పుడు దీపాలేళే.

నేను రాయడం ఆపి చూసేను. అది ఆపలేదు. నేను రాయబోని మాట ఒకటి సాధన చేస్తోంది. కిందనుంచి పైకి, పైనుంచి కిందకి, సుప్రియ గారు నేర్పినట్టే...

లో... వ... రా... జూ...

పెళ్ళాం నోట తన పేరు విని వాడికి మూడు నెలలయింది. మూడో పిలుపు దాకా ఆగుతాడా?