అవ్వకు కాలదు

మెర్సీకి ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. తను చూడని క్షణంలో కూతురు కెజియా నిప్పులో చేయి పెడుతుందేమోనని.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. పిల్ల పాకడం మొదలుపెట్టిన నాటి నుంచి ఉంది. నల్లగొండలో వాళ్లు కిరాయికి ఉండే ఇంట్లో అన్నం వార్చే వేళకు కెజియాను గది అవతల కూర్చోబెట్టి, తలుపు గొళ్లెం పెట్టి, ఏదో ఒక పాట పాడుతూనే వార్చేది. తలుపు మూసినా పిల్లకు అమ్మ గొంతు వినబడుతూ ఉండాలని. ఇంటర్ మధ్యలోనే పెళ్లయి పుస్తకాలు మూసేసిన మనిషి, ఇప్పుడు ఫోనులో కాలిన గాయాల వీడియోలు మాత్రం పరీక్షకు చదివినట్టు చూసేది. ట్రాలీ ఆటో నడిపే భర్త నవీన్‌కుమార్ అది చూసి నవ్వేవాడు.

అందుకే క్రిస్మస్‌కు అత్తగారి ఊరు వెళ్లడమంటే ఆమెకు సగం సంతోషం, సగం బెదురు. కేతేపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో ఇల్లు చిన్నది, వాకిలి పెద్దది. ఆ వాకిట్లోనే కట్టెల పొయ్యి. పండుగ వంటంతా దాని మీదే. దాని ముందు పీట వేసుకుని అత్త బిక్షమ్మ, ఆమె చుట్టూ పిల్లలు.

పండుగ ముందు రోజు పొద్దున కూడా అట్లాగే ఉంది. ఇంటి మీద కాగితం నక్షత్రం మంచుకు తడిసి వేలాడుతోంది. బిక్షమ్మ జొన్న రొట్టెలు కొడుతోంది. కెజియా, ఆమె పెదనాన్న కొడుకు సునీల్ చెరో పళ్లెం పట్టుకుని కూర్చున్నారు. రొట్టె పెనం మీద పడగానే బిక్షమ్మ అరచేత్తో నీళ్లు రాసింది. కాలిన వాసన రాగానే అట్లకాడ ఊసెత్తకుండా వేళ్లతోనే ఎత్తి తిప్పింది. తర్వాత నిప్పుల పక్కన నిలబెట్టి, పొంగిన రొట్టెను మళ్లీ ఉత్త చేత్తోనే తీసి సునీల్ పళ్లెంలో వేసింది.

"అవ్వకు కాలదు" అని సునీల్ చప్పట్లు కొట్టాడు.

అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్న మామ కురుమయ్య గర్వంగా తల ఎగరేశాడు. "లగ్గమైనకాడి సంది మా ఇంట్ల పట్కారు కొన్లే మెర్సీ. మీ అత్త చెయ్యే పట్కారు."

అందరూ నవ్వారు. మెర్సీ కూడా నవ్వబోయింది. అంతలో కెజియా లేచి, "నాకు గూడ కాలదు" అంటూ చేయి చాచింది. చిట్టి అరచేయి పెనానికి జానెడు దూరంలో ఉండగా మెర్సీ ఒక్క ఉరుకున వెళ్లి పిల్లను గుంజింది. గుంజిన చేత్తోనే పిల్ల చేతి మీద ఒక్కటి వేసింది. కెజియా ఏడుపు అందుకుంది. మెర్సీ అత్త వైపు తిరిగింది.

"పిల్లల ముంగట గట్ల చేసి చూపిస్తే వాళ్లు నేర్వరా అత్తమ్మా? నా బిడ్డ చెయ్యి కాలితె ఎవరు జిమ్మదారి?"

బిక్షమ్మ చేతిలోని పిండి ముద్ద అట్లాగే ఉండిపోయింది. తన పిల్లలూ ఈ పొయ్యి కాడనే పెరిగారని, ఒక్కరి ఒంటి మీదన్నా మచ్చ ఉందేమో చూడమని మెల్లగా అంది. ఆ మెత్తదనం మెర్సీని ఇంకా రెచ్చగొట్టింది.

"వాళ్ల సంగతి నాకెందుకు. నా బిడ్డ ఇగ మీ పొయ్యి కాడికి రాదు. రేపు ప్రార్థన కాంగనె మేం పోతం. మల్ల పండుగకు వచ్చేది లేంది అప్పుడు చూద్దాం."

నవీన్ కోపంగా చూశాడు గానీ తల్లి కనుసైగ చేస్తే ఊరుకున్నాడు. తోటికోడలు సుహాసిని వాతావరణం తేలిక చేయాలని, మెర్సీ చర్చికి పోయినా కొవ్వొత్తులు ఆర్పించి గానీ కూర్చోదని ఎగతాళి చేసింది. ఎవరూ నవ్వలేదు.

"సరే బిడ్డా" అంది బిక్షమ్మ చివరికి. "నీ పిల్ల, నీ ఇష్టం. గడప కాడ కూసోవెట్టు. నేను పిలువ."

ఆ మాట తర్వాత ఆమె ఇంకో రొట్టె కొట్టింది గానీ అది ఎవరికోసమో తెలియనట్టు పెనం మీద చాలాసేపు వదిలేసింది.

పొద్దెక్కాక గరిజెల పని మొదలైంది. పుట్నాల పొడి, బెల్లం, కొబ్బరి కలిపి నింపిన గరిజెలు లేకుండా ఆ ఇంట్లో క్రిస్మస్ లేదు. సుహాసిని పూరీలు ఒత్తుతుంటే మెర్సీ పొడి నింపి అంచులు మడుస్తోంది. బిక్షమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని నూనెలో వేస్తోంది. సునీల్ బెల్లం ముక్క కోసం మూడు గిన్నెల చుట్టూ తిరుగుతున్నాడు. కెజియా మాత్రం గడప మీద మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చుంది. అక్కడి నుంచి కదిలితే ఏమవుతుందో అమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. నిప్పు ఎక్కడున్నా కళ్లు దాని మీదే ఉంచాలని, దగ్గరకు పోకూడదని, ఎవరికన్నా దగ్గరగా వస్తే చెప్పాలని.

బిక్షమ్మ ఏదో పాత ముచ్చట చెబుతోంది. కురుమయ్య పెళ్లిచూపులకు అన్న అంగీ తొడుక్కుని వస్తే చేతులు కనబడలేదట. సుహాసిని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. పొద్దుటి మాటలు ఇంకా గొంతులో ఉన్నా మెర్సీకీ నవ్వు వచ్చేట్టే ఉంది.

"అవ్వా, నీ కాలు కింద నిప్పున్నది" అంది కెజియా.

నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. పిల్ల గడప దాటలేదు. మళ్లీ అంది, ఈసారి తల్లి వైపు చూసి.

"అమ్మా, అవ్వ కాలు నిప్పు మీద వెట్టింది."

మెర్సీ చూసింది. పొయ్యిలోంచి జారిన నిప్పు కణిక బిక్షమ్మ కుడికాలి మడమ అంచు కింద ఉంది. సన్నగా పొగ లేస్తోంది. బెల్లం వాసనలో ఇంకేదో వాసన కలిసింది. బిక్షమ్మ మాత్రం గరిజెను తిప్పుతూ, అంగీ చేతుల సంగతే చెబుతోంది.

మెర్సీ పొడి గిన్నె వదిలేసి వెళ్లి అత్త కాలు రెండు చేతులతో పట్టి ఇవతలికి లాగింది. నూనె గరిట పక్కకు పడింది.

"ఏమైంది బిడ్డా? ఎందుకు గుంజినవు?" అంది బిక్షమ్మ. నొప్పి లేని ముఖంతో, నిజంగానే తెలియక అడిగింది.

మడమ దగ్గర చర్మం తెల్లగా ఉడికిపోయి ఉంది. సుహాసిని పేస్టు తేవడానికి లేచింది. మెర్సీ వద్దంది. పేస్టు, పసుపు, పిండి ఏదీ రాయొద్దని, చల్లనీళ్లు మాత్రమే పోయాలని చెప్పి తనే చెంబుతో పోయసాగింది. ఇన్నేళ్లు భయపడుతూ చూసిన వీడియోలన్నీ ఇప్పుడు వరుసగా గుర్తొస్తున్నాయి. నీళ్లు పోస్తూనే, ఏదో అనుమానం వచ్చి, అత్త కుడిచేయి అందుకుని తిప్పి చూసింది.

వేళ్ల కొసలన్నీ నల్లగా గట్టిపడ్డాయి. చూపుడువేలి గోరు సగం లేదు. బొటనవేలి కింద పొద్దుటి రొట్టెది కాబోలు, కొత్త బొబ్బ. దాని పక్కన చితికి మానని పాతది.

"ఎన్నిరోజుల సంది అత్తమ్మా?"

బిక్షమ్మ చేయి వెనక్కి తీసుకోబోయింది. మెర్సీ వదల్లేదు. అప్పుడు కొంచెం కొంచెంగా చెప్పింది. ముందు కాళ్లు మొద్దుబారాయట. దూది మీద నడిచినట్టు ఉండేదట. ఒకసారి చర్చి నుంచి వస్తుంటే చెప్పు ఊడిపోయిన సంగతి కూడా తెలియక ఒంటి చెప్పుతో ఇల్లు చేరిందట. తర్వాత వేళ్లకు పాకింది. వయసు మీద పడిందనుకుందట.

"గంత అయితె మాకు చెప్పొద్దా?" అన్నాడు అలికిడికి బయటికి వచ్చిన నవీన్.

"చెప్తే నన్ను పొయ్యి కాడికి రానియ్యరు గద బిడ్డా" అంది బిక్షమ్మ. కొడుకుతో అంటున్నా కళ్లు గడప మీది పిల్ల వైపే ఉన్నాయి. "పొయ్యి కాడ నేను లేకపోతె పిల్లలు నా తాన ఎందుకు కూసుంటరు? నాకు సదువు రాదు, ఆ ఫోన్ల ఆటలు రావు. రొట్టె ఒక్కటే వస్తది."

మెర్సీ చెంబు కింద పెట్టింది. పొద్దున తను ఏ మాటతో కొట్టిందో అప్పుడు అర్థమైంది. ఈ మనిషి అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది కూడా ఒక్కదానికే. ఆ ఒక్కటే తను అందరి ముందూ అనేసింది.

"అత్తమ్మా, నేను..." అని ఆగిపోయింది. ఆ కాలిన వేళ్లను తన చెంపకు ఆనించుకుంది. చెంప తడి ఆ వేళ్లకు తెలిసిందో లేదో. బిక్షమ్మ మాత్రం రెండో చేత్తో ఆమె తల నిమిరింది.

కురుమయ్య అరుగు దిగి వచ్చి భార్య కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. "నేనేమో గిన్నిరోజులు నవ్వుకుంట కూసున్న" అన్నాడు.

నవీన్ ఆటోలో ఆమెను నకిరేకల్ దవాఖానకు తీసుకుపోయారు. మెర్సీ వెంట వెళ్లింది. చక్కెర జబ్బు చాలాకాలంగా లోపల తన పని తను చేసుకుపోతోందని, నరాలు దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. గాయం ఈసారి ఎముక దాకా పోలేదని, ఇంకొంచెం ఆలస్యంగా చూసుంటే కాలికే ముప్పు వచ్చేదని అంది. మందులు రాసి, రోజూ ఎవరో ఒకరు ఆమె పాదాలు చూడాలంది. ఆ మాట మెర్సీ పిల్ల టీకా తేదీల్లాగా మనసులో రాసుకుంది.

మర్నాడు ప్రార్థన అయ్యాక వాళ్లు నల్లగొండ పోలేదు. కొత్త సంవత్సరం ప్రార్థన దాకా ఉంటామని మెర్సీయే అంది. మధ్యాహ్నానికి బగారన్నం, కోడికూర అయ్యాయి గానీ పిల్లలు రొట్టె కావాలని పేచీ పెట్టారు. కట్టు కట్టిన కాలు చాపుకుని బిక్షమ్మ గడప మీద కూర్చుంది. కుడిచేతి వేళ్లకూ కట్టు ఉంది కాబట్టి పీట మీద ఎడమచేత్తో పిండి కొట్టడం ఆమె వంతు, చల్లని పిండితో ఏ బెంగా లేదు. కాల్చడం మెర్సీ వంతు. సుహాసిని పక్కింటి నుంచి అడిగి పట్టుకొచ్చిన పట్కారుతో మెర్సీ తిప్పబోతే మొదటి రొట్టె రెండు ముక్కలైంది.

"అత్త కొట్టిన రొట్టెను కోడలు ఇరగ్గొట్టె" అన్నాడు కురుమయ్య.

"నువ్వైతె ఒకటి కాల్చి సూపియ్యి" అంది బిక్షమ్మ భర్తతో. ఆమె ఒడిలో ఒక వైపు సునీల్, ఒక వైపు కెజియా. ఎవరి పిండి ముద్ద వాళ్లకు ఇచ్చి ఎట్లా గుండ్రంగా కొట్టాలో నేర్పిస్తోంది. కెజియా చేతుల నిండా పిండి. మెర్సీ పొయ్యి దగ్గరి నుంచి తలెత్తి చూసింది. గడపకు, పొయ్యికి మధ్య దూరం కొలవలేదు.

సాయంత్రం కట్టు మార్చే వేళకు కెజియా తనే వచ్చి అవ్వ ఎడమకాలు ముందేసుకుంది. తడిగుడ్డతో వేళ్ల మధ్య తుడిచి, వంగి చూసి, "ఏం లేదు" అని అందరికీ వినబడేట్టు చెప్పింది. బిక్షమ్మ ఆ పూట ఏడ్చింది.

ఇది చదువుతున్నవాళ్లు ఒక్క పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వేడి గిన్నెను ఉత్తచేత్తో దించే మనిషి ఉంటుంది. ఆమె పనితనం తర్వాత మెచ్చుకుందురు. ముందు ఆమె పక్కన కూర్చుని, వేళ్ల కొసలు తిప్పి చూడండి, అరికాళ్లు చూడండి. నొప్పి ఉందా అని అడిగి ఊరుకోకండి, లేదనే చెబుతుంది. మీ కళ్లతో చూడండి.